మొదటి పైలట్ వాచీ ఎలా కొనాలి? అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఒక దారి

అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద గుడ్డ పరిచి అమ్మే వాచీలను ఒకసారి నిలబడి చూడండి. నల్ల డయల్, లావుపాటి అంకెలు, మధ్యలో మూడు బుల్లి డయళ్లు, అంచు చుట్టూ చీమల బారులా అంకెలు. అడిగితే అమ్మేవాడు ‘పైలట్ మోడల్ సార్’ అంటాడు. మెట్రోలో ఒక్క స్టేషన్ దాటి పంజాగుట్టలో దిగి, ఏసీ షోరూములో అద్దం వెనక చూసినా అదే నలుపు, అవే అంకెలు. ధర మాత్రం వందల నుంచి లక్షలకు ఎగబాకుతుంది. కొత్తగా కొనాలనుకునేవాళ్లకు అయోమయం ఇక్కడే మొదలవుతుంది.

ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఆ అయోమయం చాలావరకు తీరిపోతుంది. పైలట్ వాచీకి పరీక్ష ఒకటే: ఒక్క చూపులో టైము తెలియాలి. చెయ్యి ఊగుతున్నా, వెలుతురు చాలకపోయినా, మనసు వేరే పనిలో ఉన్నా తెలియాలి. నల్ల డయల్, పెద్ద అంకెలు, రేడియం పూత, లావు కీ బటన్ అన్నీ ఆ అవసరం నుంచి వచ్చినవే. ఆ అవసరం తీర్చనిది విమానం బొమ్మ వేసుకున్నా పైలట్ వాచీ కాదు.

1. ముందు బేగంపేట వైపు చూడండి

అమీర్‌పేటలో నీలం లైను మెట్రో ఎక్కితే బేగంపేట తరువాతి స్టేషన్ ప్రకాశ్‌నగర్. పాత విమానాశ్రయం ఆ దగ్గరలోనే. 1930ల్లో ఏరో క్లబ్బు విమానాలు ఎగిరిన నేల అది. నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు తిరిగింది ఇక్కడి నుంచే. మన దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఆ కంపెనీయే. 1953లో విమాన సంస్థలన్నిటినీ జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్ వెళ్లిపోయేదాకా ఈ చుట్టుపక్కల పేటలవాళ్లకు విమానం మోత మామూలు సంగతే.

ఇంకా వెనక్కి వెళితే, మొదటి ప్రపంచ యుద్ధం చివర 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలో ఒక స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు సమకూరాయి. అది 110వ ‘హైదరాబాద్’ స్క్వాడ్రన్. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఇప్పుడు కొనబోయే వాచీల తాతముత్తాతలు ఆ కాలపు కాక్‌పిట్లలో పుట్టినవే కాబట్టి ఈ చరిత్ర మనకు మరీ పరాయిది కాదు.

బేగంపేటలో రెండేళ్లకోసారి ‘వింగ్స్ ఇండియా’ ప్రదర్శన జరుగుతుంటుంది. వీలైతే వెళ్లండి. విమానాలను అందరూ చూస్తారు, మీరు పైలట్ల మణికట్లు చూడండి. రకరకాల వాచీలు కనిపిస్తాయి, కొందరి చేతికి అసలు వాచీయే ఉండదు. ఇప్పటి విమానంలో కావలసినన్ని గడియారాలు ఉన్నాయి, పైలట్‌కు చేతి వాచీ తప్పనిసరి కాదు. ఈ మాట ముందే ఒప్పుకుంటే షోరూములో ‘నిజమైన పైలట్లు వాడేది ఇదే’ అన్నప్పుడు జేబు జాగ్రత్తగా ఉంటుంది.

2. వంశవృక్షం తెలుసుకోండి

మొదట్లో మగవాళ్లు వాచీని జేబులోనే పెట్టుకునేవారు. పారిస్‌లో విమానాలు, గాలి ఓడలు నడిపిన బ్రెజిల్ దేశస్థుడు ఆల్బెర్తో శాంతోస్-ద్యూమోకు అది పెద్ద ఇబ్బంది అయింది. రెండు చేతులూ విమానం మీద ఉంటే జేబులోంచి వాచీ తీసేదెవరు? ఆ మాట విని ఆయన మిత్రుడు లూయీ కార్టియే 1904లో చేతికి కట్టుకునే చదరపు వాచీ చేయించి ఇచ్చాడు. 1906లో అదే శాంతోస్-ద్యూమో 220 మీటర్లు ఎగరడానికి 21 సెకన్ల పైచిలుకు పట్టింది. అంటే సెకన్లు లెక్కపెట్టుకునే కాలం అది. 1911 నుంచి కార్టియే ‘శాంతోస్’ బజారులోకి వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. 1909లో విమానంలో ఇంగ్లిష్ చానెల్ దాటిన బ్లేరియో చేతికి ఉన్నది జెనిత్ వాచీ. ఆ కంపెనీ బ్లేరియో పేరును ఇప్పటికీ వాడుకుంటోంది.

అసలు మలుపు దూర ప్రయాణాలతో వచ్చింది. 1927లో లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఒంటరిగా ముప్పై మూడున్నర గంటలు ఎగిరాడు. కింద సముద్రం, పైన ఆకాశం, దారి చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. అలాంటి చోట సూర్యుడో నక్షత్రమో ఎంత ఎత్తున ఉందో కొలిచి, ఆ క్షణాన కచ్చితమైన టైముతో లెక్కకడితేనే తూర్పు పడమరల్లో ఎక్కడున్నామో తేలుతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి వాచీ నాలుగు సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర మీ లెక్క ఒక నాటికల్ మైలు, అంటే సుమారు 1.85 కిలోమీటర్లు తప్పుతుంది. ఒక నిమిషం తప్పితే దాదాపు 28 కిలోమీటర్లు. సముద్రంలో చిన్న ద్వీపాన్ని వెతుక్కునేవాడికి అది ప్రాణం మీదికి వచ్చే తేడా. లిండ్‌బర్గ్ ఆలోచనతో లాంజీన్స్ 1931లో ‘అవర్ యాంగిల్’ వాచీ తేవడం వెనక ఉన్న కారణం ఇదే. కీ బటన్ లాగితే సెకన్ల ముల్లు ఆగిపోవాలి, రేడియోలో టైము గుర్తు వినగానే నొక్కి కదిలించాలి అనే పట్టింపూ అక్కడిదే. షోరూములో బటన్ లాగి చూసేటప్పుడు ఈ నాలుగు సెకన్ల లెక్క గుర్తు తెచ్చుకోండి.

ఇక మీకు తారసపడే రకాలు. ఇవి నాలుగైదుకు మించవు.

జర్మన్ రకం: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళం కోసం ఐదు కంపెనీలు చేసిన వాచీ ఇది: లాంగె, లాకో, స్టోవా, వెంపె, ఐడబ్ల్యూసీ. వెడల్పు 55 మిల్లీమీటర్లు! తోలు కోటు చేతి మీద నుంచి కట్టుకునేలా పొడవాటి బెల్టు, గ్లవ్స్‌తో తిప్పగలిగే ఉల్లిపాయంత బటన్. డయల్ మీద కంపెనీ పేరు కూడా ఉండేది కాదు. 12 ఉండాల్సిన చోట త్రికోణం, దానికి అటూ ఇటూ రెండు చుక్కలు. చీకట్లో వాచీ ఏ వైపు తిరిగి ఉన్నా పై వైపు ఏదో ఆ త్రికోణం చెప్పేస్తుంది. ఇందులో రెండు డయళ్లు. ఏ-రకంలో మామూలుగా 1 నుంచి 11 అంకెలు. 1941లో వచ్చిన బీ-రకంలో అంచున 5, 10, 15 అని 55 దాకా నిమిషాలు, లోపల చిన్న వలయంలో గంటలు. ఆకాశంలో లెక్కలు కట్టేవాడికి నిమిషాలు, సెకన్లే ముఖ్యం గనక అలా చేశారు. చూడ్డానికి బీ-రకం మహా అందంగా ఉంటుంది. కొత్తవాళ్లకు మాత్రం ఏ-రకమే మంచిదంటాను. బీ-రకంలో గంట చూడ్డానికి కన్ను వలయంలోకి దిగి రావాలి. ఆఫీసుకు ఆలస్యమయ్యేవాడికి కావలసింది గంట.

బ్రిటిష్ రకం: 1948లో తయారీ మొదలైన ‘మార్క్ 11’ దీనికి మూలం. ఐడబ్ల్యూసీ, జేగర్ లెకూల్త్ర్ దీన్ని బ్రిటిష్ దళాలకు చేసిచ్చాయి. కాక్‌పిట్‌లో రాడారు, రేడియో పరికరాల అయస్కాంత బలం వాచీని పాడుచేయకుండా లోపలి యంత్రం చుట్టూ మెత్తని ఇనుముతో ఇంకో తొడుగు వేశారు. పరిమాణం చిన్నది, సుమారు 36 మిల్లీమీటర్లు. నా దృష్టిలో అన్ని పైలట్ వాచీల్లోకీ పొందికైనది ఇదే. చొక్కా చేతి కింద ఇమిడిపోతుంది, పెళ్లికీ పనికొస్తుంది.

ఫ్రెంచి రకం: 1950ల మొదట్లో ఫ్రాన్స్ రక్షణ శాఖ ‘టైప్ 20’ పేరుతో నిబంధనలు రాసి బ్రెగే, డోడాన్, ఓరికోస్ట్ వంటి కంపెనీలతో చేయించిన క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ. స్టాప్‌వాచ్ నడుస్తుండగానే ఒక్క నొక్కుతో సున్నాకు వచ్చి మళ్లీ పరుగు అందుకుంటుంది. మామూలు క్రోనోగ్రాఫ్‌లో అదే పనికి మూడు నొక్కులు కావాలి.

లెక్కల రకం: అంచు చుట్టూ తిరిగే స్లైడ్ రూల్ ఉన్నది. బ్రైట్‌లింగ్ 1952లో తెచ్చిన ‘నావిటైమర్’ దీనికి పెద్దపేరు. ఫుట్‌పాత్ మీద ఎక్కువగా కాపీ కొట్టేది ఈ రూపాన్నే కాబట్టి వాడకం తెలిసి ఉండాలి. బయటి వలయం దూరం, లోపలి వలయం నిమిషాలు అనుకోండి. 30 కిలోమీటర్లు 40 నిమిషాల్లో వెళ్లారు, వేగమెంత? బయటి 30ని లోపలి 40కి ఎదురుగా తిప్పండి. లోపలి 60 ఎదుట బయటి వలయంలో 45 కనిపిస్తుంది. గంటకు 45 కిలోమీటర్లు. అంతే. వలయాన్ని కదపకుండానే 20 నిమిషాల్లో ఎంత దూరమో కూడా చదువుకోవచ్చు: లోపలి 20 ఎదుట 15. షాపులో ఇది తిప్పి చూడండి. వలయం తిరగకపోయినా, తిరిగినా ఈ లెక్క కుదరకపోయినా అది అంకెలు అచ్చేసిన రేకు మాత్రమే.

రెండు దేశాల టైము చూపేది: విమానాలు ఖండాలు దాటడం మొదలయ్యాక 1953లో గ్లైసీన్ ‘ఎయిర్‌మ్యాన్’, ఆ వెంటనే పాన్ అమెరికన్ పైలట్ల కోసం రోలెక్స్ ‘జీఎంటీ మాస్టర్’ వచ్చాయి. మొదటిది ఇరవై నాలుగు గంటల డయల్, రెండోది ఇరవై నాలుగు గంటల అదనపు ముల్లు, ఎరుపు నీలం అంచు.

3. మన అరగంట చిక్కు, దాని విరుగుడు

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుని డాలస్ చేరినవాళ్లున్న ఇల్లు తెలుగునాట ప్రతి వీధిలోనూ ఉంటుంది. కాబట్టి మనవాళ్లకు ఈ జీఎంటీ రకం మీద మోజు సహజం. అయితే మన టైము గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. ఆ అరగంటే చిక్కు. అదనపు ముల్లు గంటల లెక్కన జరుగుతుంది కానీ నిమిషాల ముల్లు రెండు ఊళ్లకూ ఒకటే. డాలస్ మనకన్నా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక. గంట ముల్లు చూసి, నిమిషాలకు మీరే 30 కలుపుకోవడమో తీసేయడమో చేయాలి. రెండు రోజుల్లో అలవాటవుతుంది. కానీ అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. అంచు తిప్పే రకమైతే అది అరగంట అరగంటకు ‘టిక్’ మని ఆగుతుందో లేదో చూసుకోండి.

డబ్బు ఖర్చులేని విరుగుడు ఒకటుంది. ముళ్లున్న ఏ వాచీనైనా మన టైముకు పెట్టి తలకిందులుగా చూడండి, గ్రీనిచ్ టైము కనిపిస్తుంది. మధ్యాహ్నం 2 గంటలకు తిప్పి చూస్తే చిన్న ముల్లు 8 దగ్గర, పెద్ద ముల్లు 6 దగ్గర ఉంటాయి. ఎనిమిదిన్నర. లండన్‌లో చలికాలమైతే ఉదయం సరిగ్గా అంతే. చిన్న ముల్లు అరగడి అటూ ఇటూగా ఉంటుంది గానీ పని జరిగిపోతుంది. అరగంట తేడా ఉన్న మన దేశానికి దొరికిన సౌకర్యం ఇది. పైలట్ డయల్ మీద త్రికోణం ఎందుకు పెట్టారో కూడా ఈ ఆట ఆడితే బాగా అర్థమవుతుంది. ఆ గుర్తు లేని నున్నని డయల్‌ను చీకట్లో తిరగేసి చూస్తే రెండు గంటలనుకోవాలో, ఎనిమిదిన్నర అనుకోవాలో తెలియదు.

4. మణికట్టు కొలుచుకోండి

దారం ముక్క మణికట్టుకు చుట్టి స్కేలు మీద పెట్టండి. ఆరున్నర అంగుళాలు, అంటే 16.5 సెంటీమీటర్ల వరకు ఉంటే 36 నుంచి 40 మిల్లీమీటర్ల వాచీ చూడండి. ఏడు దాటితే 42 దాకా వెళ్లొచ్చు. వెడల్పు కన్నా ముఖ్యమైనది ఇంకొకటి: బెల్టు పట్టుకునే పై కొన నుంచి కింది కొన వరకు పొడవు. అది మీ మణికట్టు అంచులు దాటి బయటికి పొడుచుకు రాకూడదు. సన్నటి చేతికి 48 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. జర్మన్ రకంలో డయల్ అంచు దాకా నిండి ఉంటుంది కాబట్టి 40 కూడా 42లా కనిపిస్తుంది. సినిమా హీరోల చేతికి పళ్లెంలాంటి వాచీలు చూసి మోసపోకండి. ఐడబ్ల్యూసీ 2002లో తెచ్చిన ‘బిగ్ పైలట్’ 46 మిల్లీమీటర్ల పైనే. అది పెట్టుకున్నవాళ్లలో చాలామంది చేతిని చూస్తే నాకు వాచీ మీద జాలేస్తుంది.

5. లోపలి మెషిన్ ఏదో తేల్చుకోండి

సెల్లు వాచీ నెలకు పది పదిహేను సెకన్లు తప్పుతుంది. కీ వాచీ, ఆటోమేటిక్ రోజుకే అంత తప్పొచ్చు, పాతవైతే ఇంకా ఎక్కువ. టైము తప్పకూడదన్నదే మీ పట్టుదలైతే సెల్లు వాచీయో, వెలుతురుతో చార్జయ్యే సిటిజన్ ఎకో-డ్రైవో కొనుక్కోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. సిటిజన్‌కు మనతో పాత చుట్టరికం కూడా ఉంది, కిందకి వస్తే చెబుతాను.

లోపల చక్రాలు తిరుగుతున్నాయన్న సరదా కావాలంటే ఆటోమేటిక్. సీకో 5 వరుసలో బీ-రకం డయల్‌తో 37 మిల్లీమీటర్ల ఎస్‌ఎన్‌కే 809 ఎందరికో మొదటి పైలట్ వాచీ అయింది. తయారీ ఆగిపోయింది గానీ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. దాని లోపలి మెషిన్‌కు బటన్ లాగినా సెకన్ల ముల్లు ఆగదు. నాలుగు సెకన్ల లెక్క గుర్తుందిగా, ఆ లెక్కన అది పైలట్ వేషమే. అయినా ఆ ధరకు అంత చక్కగా చదవగలిగే డయల్ ఇంకోటి దొరకడం కష్టం. అసలు వంశపు వాచీయే కావాలంటే లాకో, స్టోవా ఇప్పటికీ చేస్తున్నాయి. జర్మనీ నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకోండి.

6. పంజాగుట్ట షోరూములో మీ కళ్లతో పరీక్షించండి

షోరూముకు సాయంత్రం చీకటి పడే వేళ వెళ్లండి. వాచీ చేతికి పెట్టుకుని, చెయ్యి మామూలుగా కిందికి వదిలేయండి. పైకెత్తి ఒక్క క్షణం చూసి, వెంటనే తల తిప్పేసి టైము చెప్పండి. నిమిషం తేడా లేకుండా చెప్పగలిగితే పాసు. ‘మళ్లీ చూస్తాను’ అనిపిస్తే ఫెయిలు, ధర ఎంతైనా సరే.

తరువాత రేడియం పరీక్ష. రేడియం అన్నది అలవాటు మాటే. ఇప్పటి వాచీల్లో ఉండేది వెలుతురు పీల్చుకుని వెలిగే హానిలేని పూత. షోరూము దీపాల కింద నిమిషం ఉంచి, రెండు చేతులతో దోసిలి మూసి సందులోంచి చూడండి. ముళ్లు, అంకెలు రెండూ వెలగాలి. ముళ్లు మాత్రమే వెలిగి అంకెలు వెలగకపోతే అర్ధరాత్రి అది పనికిరాదు. 1940ల నాటి పాత సైనిక వాచీల్లో మాత్రం నిజంగానే రేడియం ఉండేది. అలాంటిది ఎక్కడైనా దొరికితే వెనక మూతగానీ అద్దంగానీ సొంతంగా తీయకండి, ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు.

గుమ్మం దగ్గరికి వెళ్లి బయట ట్రాఫిక్ లైట్ల వెలుగులో చూడటానికి అనుమతి అడగండి. అద్దం మీద మీ ముఖం, హోర్డింగులు కనిపిస్తుంటే పగటిపూట ఎండలో డయల్ కనిపించదు. నీళ్ల సంగతి: వెనక 30 మీటర్లని ఉంటే వాన చినుకులకు మాత్రమే ధైర్యం. బండి మీద జూలై వానలో తడిసే ఉద్యోగమైతే 100 మీటర్లున్నది చూడండి. బిల్లు, వారంటీ కార్డు మీద ముద్ర, కార్డులోని నంబరు వాచీ వెనక నంబరుతో సరిపోవడం, ఈ మూడూ చూసుకోకుండా డబ్బు కట్టకండి.

7. అమీర్‌పేట ఫుట్‌పాత్ దగ్గర

ఇక్కడ కొనొద్దని చెప్పను, ఏం కొంటున్నారో తెలిసి కొనమంటాను. పెద్ద పేర్లున్న కాపీలు వద్దు. నకిలీ అన్నది ఒక తప్పు, నాలుగు నెలలకు ఆగిపోతే బాగుచేసేవాళ్లు దొరకకపోవడం ఇంకో తప్పు. బుల్లి డయళ్లు నిజంగా పనిచేస్తున్నాయా, పక్క బటన్లు నొక్కితే ఏదైనా కదులుతోందా చూడండి. ఏ పేరూ లేని, నల్లటి, శుభ్రమైన డయల్ ఉన్న చవక సెల్లు వాచీ దొరికితే తీసుకోండి. ఆరు నెలలు పెట్టుకుంటే మీకు పెద్ద డయల్ నప్పుతుందో లేదో, నలుపు ఇష్టమో కాదో తేలిపోతుంది. కోర్సు ఫీజు కట్టగా మిగిలిన డబ్బుతో ఇంతకన్నా మంచి పాఠం రాదు.

8. హెచ్‌ఎంటీ పైలట్: మన ఇంటి వాచీ

కొత్తవాళ్లు కొసకు ఇక్కడికే వస్తారు, వచ్చాక ఇక్కడే మోసపోతారు. కాబట్టి కాస్త ఆగి చదవండి.

హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. పైన చెప్పిన చుట్టరికం ఇదే. జనతా, సోనా, కోహినూర్, జవాన్ వంటి పేర్ల మధ్య ‘పైలట్’ ఒకటి. నల్ల డయల్, రేడియం పూసిన అంకెలు, 17 జ్యువెల్స్ కీ మెషిన్, సుమారు 35 మిల్లీమీటర్ల వెడల్పు. త్రికోణం లేదు, అదనపు ముల్లు లేదు, తేదీ కూడా లేదు. పోలిక పెట్టాలంటే జర్మన్ రకం కన్నా బ్రిటిష్ మార్క్ 11కే దగ్గర. ఒక్క చూపు పరీక్షలో లక్షల వాచీల పక్కన నిలబడుతుంది. హైదరాబాద్‌లో చింతల్ వైపు హెచ్‌ఎంటీ పేరు వినగానే వాచీలు ఇక్కడే చేశారనుకుంటారు కొందరు. ఇక్కడిది మెషిన్ టూల్స్ ఫ్యాక్టరీ, వాచీలు బెంగళూరు, తుమకూరు, రాణీబాగ్, శ్రీనగర్‌లవి. వాచీల కంపెనీని మూసేయాలని 2016 జనవరిలో కేంద్రం నిర్ణయించాక వీటి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. దాంతో పాత డొక్కుల్లో కొత్త రంగులు పూసి అమ్మే వ్యాపారమూ పెరిగింది.

సెకండ్‌హ్యాండ్ హెచ్‌ఎంటీ పైలట్ కొనేటప్పుడు ఇలా చూడండి. డయల్ మీద అక్షరాల అంచులు భూతద్దంలో పదునుగా కనిపించాలి. అలుక్కుపోయి, వంకరగా, మరీ కొత్తగా మెరుస్తుంటే మళ్లీ పెయింట్ చేసిందే. ఎరుపు, నారింజ, చిలకపచ్చ డయల్ మీద ‘పైలట్’ అని ఉంటే ముందు అనుమానపడండి. యాభై ఏళ్ల వాచీలో ముళ్ల రేడియం, అంకెల రేడియం ఒకే రంగుకు మాగి ఉండాలి. అంకెలు గోధుమరంగు, ముళ్లు తెల్లగా ఉంటే ముళ్లు మార్చారు. అది పెద్ద నేరం కాదు గానీ ధర తగ్గించమనొచ్చు. తరువాత, ‘అన్నా, జర వెనక మూత తీసి మెషిన్ చూపిస్తవా?’ అని అడగండి. లోపల హెచ్‌ఎంటీ గుర్తు, నంబరు కనిపించాలి, తుప్పు కనిపించకూడదు. మూత తియ్యనంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కీ తిప్పితే వేళ్లకు మెత్తగా, బిగువు క్రమంగా పెరుగుతున్నట్టు తెలియాలి. గరగరమంటే సర్వీసింగ్ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. చెవి దగ్గర పెట్టుకుంటే సెకనుకు ఐదు టిక్కుల చప్పుడు ఆగకుండా, తడబడకుండా వినిపించాలి. ఫోను టైముతో సరిపెట్టి మర్నాడు అదే వేళకు చూడనివ్వమని అడగండి. రోజుకు అరనిమిషం లోపు తప్పితే ఆ వయసుకు ఆరోగ్యం బాగున్నట్టే.

9. బెల్టు

పైలట్ వాచీకి తోలు బెల్టు, దాని మీద రెండు రివెట్లు అందం. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండకు అది చెమట పీల్చి నెలలో వాసన కొడుతుంది. కొనేటప్పుడే ఒక నైలాన్ బెల్టు కూడా తీసుకుని వేసవికి అది, చలికాలానికి తోలు వాడండి. బెల్టు వెడల్పు మీ వాచీకి 18, 20 మిల్లీమీటర్లలో ఏదో తెలుసుకుని వెళ్లండి.

10. తెచ్చుకున్నాక

కీ వాచీకి రోజూ పొద్దున ఒకే వేళకు కీ ఇవ్వండి. ఇక తిరగనన్నప్పుడు ఆపేయండి, బలవంతం చేయకండి. ఆటోమేటిక్‌లో తేదీ ఉంటే రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 మధ్య దాన్ని మార్చకండి. ఆ వేళ లోపల తేదీ చక్రం పట్టులో ఉంటుంది, పళ్లు విరగొచ్చు.

నిన్నటిదాకా బాగా నడిచిన వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంటే, చాలాసార్లు అది చెడిపోయి ఉండదు, అయస్కాంతం పట్టి ఉంటుంది. చదువుకునేవాళ్లు వాచీ తీసి పెట్టే లాప్‌టాప్ మూతలోనూ, ఫోను స్పీకరులోనూ, బ్యాగు గుండీలోనూ అయస్కాంతాలుంటాయి. మామూలు దిక్సూచి దగ్గర పెడితే ముల్లు కదులుతుంది. అనుభవమున్న వాచ్ మెకానిక్ దగ్గర దాన్ని తీసే చిన్న పెట్టె ఉంటుంది, నిమిషం పని. మెషిన్ విప్పాలన్నాడంటే ఇంకో షాపు చూసుకోండి. మార్క్ 11కు ఇనుప తొడుగు ఎందుకు వేశారో ఆ రోజు తెలుస్తుంది.

నాలుగైదేళ్లకోసారి సర్వీసింగ్ చేయించాలి. లోపలి నూనె ఎండిపోతే చక్రాలు ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. ఇచ్చేటప్పుడు మీ ముందే మూత తీయించి మెషిన్ ఫొటో తీసుకోండి. పాత హెచ్‌ఎంటీ అయితే మెకానిక్ తప్పకుండా ఒక మాట అడుగుతాడు: ‘డయల్ కూడా కొత్తగా చేసిస్తాం, చేయమంటారా?’ వద్దనండి. డయల్ ముట్టుకోకూడదని రసీదు మీద రాయించుకోండి.